ఎర్ర డబ్బా, నీలం డబ్బా, గట్టు మీది గేజి

సిద్దిపేటలో ట్రాక్టర్లు, వరికోత మిషన్లు అమ్మే ఒక డీలరు వర్క్‌షాపులో నేను సర్వీసు ఫోర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పబోయేది నా ఉద్యోగంలో చివరి యాసంగి సంగతి. ఏప్రిల్ నెల, కోతలు జోరుమీదున్న రోజులు. ఫోర్‌మన్ అంటే మెకానిక్కులకు పైన, మేనేజరుకు కింద. బండి లోపలికి రాగానే చేయాల్సిన పనులన్నీ జాబ్ కార్డు మీద రాసుకుంటాం. పని అయ్యాక అన్నీ సరిచూశానని దాని అడుగున సంతకం పెట్టేది ఫోర్‌మనే. ఈ సంతకాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానితో పని పడుతుంది.

కోహెడ నుంచి ప్రజ్ఞాపూర్ దాకా నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ నేను 'ఆయిల్ సారు'ను. చుక్క ఇంజన్ ఆయిల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, అది ఏ కంపెనీదో, ఎన్ని గంటలు నడిచిందో చెప్పేవాణ్ని. నలభై రకాల ఆయిళ్లు నా ముక్కుకు తెలుసు. సరే, నలభై కాదు. మా దగ్గర దొరికేవే ఆరు. ఆ ఆరింటి విషయంలోనూ ముక్కు కంటే కన్నే ఎక్కువ పనిచేసేది. వేళ్లు రుద్దుతూ, డ్రైవరు కాళ్ల దగ్గర పడి ఉన్న ఖాళీ డబ్బా వైపు ఓరగా చూసుకునేవాణ్ని. ఎన్ని గంటలు నడిచిందో బండి మీటరే చెప్పేది.

పేరు వచ్చాక ఊరుకుంటారా? "ఏ ఆయిల్ మంచిది సారూ?" అని ప్రతివాడూ అడిగేవాడు. నేను కూడా ఏదో ఒకటి ధాటిగా చెప్పేవాణ్ని. కోహెడ నర్సింహారెడ్డికి ఒకరోజు ఎర్ర డబ్బా కంపెనీదే ఉత్తమమని చెప్పాను. అతని బామ్మర్ది తిరుపతిరెడ్డికి ఇంకోరోజు నీలం డబ్బాకు మించింది లేదన్నాను. ఆ ఇద్దరూ కలిసి ఒకే కోత మిషన్ కొన్నారన్న సంగతి చెప్పేటప్పుడు నాకు గుర్తుకు రాలేదు.

ఆ ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే నర్సింహారెడ్డి ఫోన్ చేశాడు. ఎల్లవ్వ అనే ఆమె రెండెకరాల వరి కోస్తుండగా మిషన్‌లో ఎర్ర లైటు వెలిగిందట. ఇంజన్ భాగాలకు ఆయిల్ సరిగా అందడం లేదని చెప్పే లైటు అది. వెలిగాక కూడా నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. తిరుపతి అక్కడికక్కడే ఆపేశాడు. అది అతను చేసిన మంచి పని. నేను సామాన్లు సర్దుకొని మోటార్ సైకిల్ మీద బయలుదేరాను. దారంతా పడమర మబ్బు నా వెంటే వచ్చింది. గింజ పండి నిలబడ్డ చేను మీద చెడగొట్టు వాన పడితే గింజంతా నేల రాలుతుంది.

పొలం చేరేసరికి బావాబామ్మర్దులు చెరో డబ్బా పట్టుకొని కొట్లాడుకుంటున్నారు.

"నీలం డబ్బా పోయించి ఇంజన్ ఆగం జేసిండు సారూ! ఎర్రది పొయ్యమని నువ్వే చెప్పినవు గద!"

"అగో, నాకు నీలం డబ్బా అని చెప్పింది గీ సారే బావా! కావాలంటె మొకం మీదనే అడుగు!"

ఎల్లవ్వ మబ్బు వైపు చూసి, మా వైపు చూసింది. "ముగ్గురు మొగోళ్లు, రెండు డబ్బలు, ఒక బండి. నా వరి ఎప్పుడు కోస్తరయ్యా?"

నేను గంభీరంగా మిషన్ దగ్గరకు నడిచాను. మిషన్ ఎడమ చక్రం గట్టు మీద, కుడి చక్రం మడిలో ఉన్నాయి. గేజి తీశాను. గేజి అంటే ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూపే సన్నటి కమ్మి. పై గీత దాకా తడి ఉంది. ఆయిల్ నిండుగా ఉన్నా లైటు వెలిగిందంటే ఆయిల్‌దే లోపమని తీర్పు చెప్పాను. మొత్తం దింపేసి కొత్తది పోయాలన్నాను. గంటన్నర పని. ఎల్లవ్వ నెత్తి కొట్టుకుంది.

ఏది పోయాలన్న దగ్గర మళ్లీ తగువు. అప్పుడు తిరుపతి ఒక ఉపాయం చెప్పాడు. సారు కళ్లకు తువ్వాల కడదాం, రెండు మూతల్లో రెండు ఆయిళ్లు పోద్దాం, ఏది మంచిదో ఆయన ముక్కే చెబుతుంది. కాదంటే నా పేరు పోతుంది. కట్టించుకున్నాను. మొదటి మూత వాసన చూసి, ఇది బంగారం, కల్తీలేని సరుకు అన్నాను. రెండోది చూసి, ఇది మజ్జిగ, ఇంజన్‌కు పనికిరాదన్నాను. మొదట నవ్వింది ఎల్లవ్వ.

తువ్వాల విప్పి చూస్తే, రెండు మూతల్లోనూ తిరుపతి నీలం డబ్బానే పోశాడు.

"ఒకటే దాంట్ల బంగారం, మజ్జిగ రెండూ ఉన్నయా సారూ?" అని నర్సింహారెడ్డి కడుపు పట్టుకున్నాడు. ఇంతసేపూ కొట్లాడిన బావాబామ్మర్దులు నన్ను చూసి నవ్వడంలో ఒకటైపోయారు. నేనూ నవ్వాను. ఇంకేం చేయను?

ముక్కు పోయింది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకొని రెండు డబ్బాల వెనక సన్నక్షరాలు చదివాను. రెండింటి మీదా పదిహేను డబ్ల్యూ నలభై అనే ఉంది. ఆయిల్ చలిలో ఎంత పలుచగా పారాలో, వేడిలో ఎంత చిక్కగా నిలవాలో చెప్పే లెక్క అది, దాన్నే గ్రేడ్ అంటారు. నాణ్యత స్థాయి కూడా ఒకటే. మిషన్‌తో పాటు వచ్చిన పుస్తకంలో అడిగిందీ అదే. ఎర్ర డబ్బా అయినా, నీలం డబ్బా అయినా ఆ ఇంజన్‌కు సరిపోయేదే. మరి లైటు ఎందుకు వెలిగింది?

నేను తల గోక్కుంటుంటే ఎల్లవ్వ అంది: "సారూ, బండి గట్టెక్కి కుంటుకుంట నిలవడ్డది. కుండ వంచి చూస్తె సగం నీళ్లు గూడ అంచు దాంక కనవడ్తయి. గా పుల్ల గట్లనే చూసినవా ఏంది?"

అవును, అలాగే చూశాను. గేజి చూడాలంటే బండి చదును నేల మీద ఉండాలి, ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగాలి. ఈ పాఠాన్ని ఏటా కొత్త మెకానిక్కులకు చెప్పింది నేనే. ఆరా తీస్తే, తిరుపతి రోజూ సాయంత్రం మిషన్‌ను గట్టుకు ఆనించి ఆపి, పొద్దున అక్కడే గేజి చూసి, నిండుగా ఉందని కోతకు దిగుతున్నాడు.

పక్క పొలం ట్రాక్టరుతో మిషన్‌ను చదును జాగాకు లాగించాం. గేజి తీస్తే కింది గీత కూడా తడవలేదు. బండి గట్టెక్కినప్పుడు ఉన్న కాస్త ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోయి, పంపుకు గాలే అందింది. రెండు డబ్బాల గ్రేడూ, స్థాయీ ఒకటే కాబట్టి అవసరానికి కలిపినా నష్టం లేదు. చుట్టరికం చెడకుండా లీటరున్నర ఎర్రది, లీటరున్నర నీలం పోయించాను. ఇంజన్ స్టార్ట్ చేయగానే లైటు ఆరిపోయింది.

"నూనె నిండిందిగని, మునుపటి నూనె ఎటువోయింది?" అంది ఎల్లవ్వ.

ఎండకు ఇగిరిపోయిందని చెప్పబోయాను. నోట్లో మాట తయారుగా ఉంది కూడా. కానీ ముందు కిందికి దూరి చూశాను. ఆయిల్ నిలిచే చాంబర్ అడుగున దాన్ని దింపే బోల్టు ఉంటుంది, దాని కింద రాగి వాషర్. ఆయిల్ మార్చినప్పుడల్లా వాషర్ కొత్తది వేయాలి. ఇక్కడ పాతదే నలిగిపోయి ఉంది, చుక్కచుక్కగా కారుతోంది. గడ్డి మీద కారే చుక్క ఎవరికి కనబడుతుంది? ఆ మిషన్‌కు ఇరవై రోజుల కిందట, తిరుపతి తెచ్చిన నీలం డబ్బాతో ఆయిల్ మార్చింది మా వర్క్‌షాపులోనే. జాబ్ కార్డులో 'వాషర్ కొత్తది' అని ఉంది. కింద సంతకం నాది. ఆ రోజు నేను కిందికి దూరి చూడలేదు.

బయటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. నర్సింహారెడ్డి, "అయితె ఎర్ర డబ్బది గాదు, నీలం డబ్బది గాదు, తప్పు ఆయిల్ సారుదన్నట్టు" అన్నాడు. అవునన్నాను. పాన పెట్టి బోల్టు బిగిస్తే కారడం ఆగింది. ఆ బిగింపు ఆ పూటకు చాలు. కొత్త వాషర్ మర్నాడు వర్క్‌షాపులో వేశాం.

రెండెకరాలూ కోసి, గింజలు ట్రాక్టర్లో పోసి టార్పాలిన్ కప్పేసరికి మొదటి చినుకు పడింది. ఉరుములు, మెరుపులు, వడగండ్ల వాన! నిజానికి నాలుగు చినుకులు పడి ఆగిపోయింది. కానీ ఆ సంగతి కోతకు ముందు మాకెవరికీ తెలియదు కదా.

రిటైరయ్యాక కూడా ఏ ఆయిల్ మంచిదని అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు నేను పేరు చెప్పను. బండి పుస్తకం తెమ్మంటాను. అందులో రాసిన గ్రేడూ, స్థాయీ నకిలీ కాని ఏ డబ్బా మీద ఉంటే అదే ఆ బండికి మంచిది, పక్కవాడి బండికి కాకపోవచ్చు. ఎంత మంచి ఆయిలైనా ఇంజన్‌లో ఉంటేనే పనిచేస్తుంది. ఉందో లేదో చదును నేల మీద చూడాలి. ఇక ఉద్యోగంలో మిగిలిన నెలల్లో, బండి కిందికి దూరి బోల్టు తడిమి చూడకుండా ఒక్క కార్డు మీద కూడా సంతకం పెట్టలేదు. ఒక్కటి కూడా! రెండు పెట్టాను, నడుము నొప్పిగా ఉండి. ఆ రెండింటికీ మర్నాడు పోయి చూసొచ్చాను.