లేచి వచ్చిన బేరం

మొన్న మా మనవరాలి కాలేజీ చదువు కోసం ల్యాప్‌టాప్ కొనిద్దామని తాండూరు బజారుకు వెళ్ళాం. ధర చీటీ మీద అచ్చువేసి ఉంది. అచ్చువేసిన ధరను నమ్మడం మా ఇంటా వంటా లేదు కనుక నేను సగం నుంచి మొదలుపెట్టాను. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి నవ్వి, "ఫిక్స్ రేటు తాతా, మా చేతుల ఏం లేదు" అంది. నేను కుర్చీ వెనక్కి జరిపి, చేతికర్ర అందుకుని, గుమ్మం దాకా నిదానంగా నడిచి, మెట్టు మీద ఒక్క క్షణం ఆగాను. ఎవరూ పిలవలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆ అమ్మాయి ఇంకెవరికో పెట్టె విప్పి చూపిస్తోంది, మా మనవరాలేమో నన్ను ఎరగనట్టు పక్కకి తిరిగి ఫోను చూసుకుంటోంది. చివరికి చీటీ మీద ఉన్న ధరే ఇచ్చి తెచ్చుకున్నాం. డబ్బు పోయిందని నాకు బాధ లేదు గాని, అలా మెట్టు మీద ఆగడం నా జీవితంలో అది మొదటిసారి కాదన్న సంగతి ఆ రోజంతా మనసులో ముల్లులా కదులుతూ ఉండిపోయింది.

నా ఈడువాళ్ళకు ఇది విప్పి చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను. మా బాపుది తాండూరు బజారులో బట్టల దుకాణం. ఆ బజారులో బేరమాడటం పిసినారితనం కాదు, మర్యాద. అడిగిన ధర ఇచ్చేసి పోయేవాడిని చూస్తే దుకాణదారుకే అనుమానం పుట్టి, ఆ నోటును వెలుతురుకు పట్టి చూసేవాడు. కొనేవాడు అలిగి లేవాలి, అమ్మేవాడు పోనిచ్చినట్టు పోనివ్వాలి, మెట్టు దిగాక వెనక్కి పిలవాలి. బేరం తెగాక కూడా గజానికి ఇంత కొసరు అడిగి పుచ్చుకోవాలి. బాపు దీన్నంతా ఒక్క ముక్కలో చెప్పేవాడు: "పెండ్లిల ఏడడుగులు నడిస్తె కలుస్తరు, బేరంల ఏడడుగులు నడిస్తె గెలుస్తరు." నాకు ఎక్కాలు పన్నెండు దాటి రాలేదు గాని ఈ ఏడు మాత్రం తొమ్మిదేళ్ళకే వచ్చేసింది.

అలాంటివాడిని ప్రభుత్వంవారు ఏం చూసి తీసుకున్నారో గాని, హైదరాబాదులో భూమి లోపలి నీళ్ళ లెక్కలు చూసే ఒక చిన్న ఆఫీసులో కొనుగోళ్ళ గుమాస్తాగా చేరాను. కుర్చీలు, కొలత టేపులు, జీపు టైర్లు, ఏది కొన్నా తగ్గించి కొనేవాణ్ణి. నాలుగు టైర్లు కొని ఒక ట్యూబు కొసరు తెచ్చిన రోజున మా ఆఫీసు పెద్ద సారు పదిమందిలో నా భుజం తట్టారు. మనిషి చెడిపోవడానికి అంత మెప్పు చాలు.

ఆ ఆఫీసులోనే మా సారు ఉండేవారు. వికారాబాద్ ముస్లిం కుటుంబం, తెలుగూ ఉర్దూ కలగలిపి మాట్లాడే మనిషి, భూగర్భ శాస్త్రం చదివినవారు. ఏటా వానలకు ముందొకసారి, వానలు వెలిశాక ఒకసారి మా వైపు ఊళ్ళన్నీ తిరిగి, ప్రతి బావిలో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో టేపుతో కొలిచి రాసుకునేవారు. అలా పద్దెనిమిదేళ్ళు. ఏ ఊరి కింద ఎన్ని నీళ్ళున్నాయి, ఎన్ని బోర్లు వేస్తే పాత బావులు ఎండిపోతాయి అన్నది తేల్చి, బోర్లు వేసుకునేవాళ్ళకు ముందుగా చెప్పాలని ఆయన తపన. బోరు బండ్లు అప్పుడప్పుడే మా వైపు తొంగిచూస్తున్న రోజులవి. కాగితం మీద ఒక్క ఊరి లెక్క వేయడానికే నెల పట్టేది. అన్ని బావులనూ కలిపి వేయాలంటే మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ కావాలి, హాలంత యంత్రం, దానికి చలవ గది. ఎన్నో ఏళ్ళు అర్జీలు పెట్టగా పెట్టగా చివరికి డబ్బు మంజూరైంది. మార్చి నెలాఖరులోగా కొనకపోతే మంజూరు రద్దవుతుంది. మా సారు రిటైరవడానికి ఇంకా ఏడాది ఉంది.

రెండు కంపెనీల యంత్రాలు బరిలో ఉన్నాయి. ఏది మంచిదో తేల్చడానికి సారు తన లెక్కనంతా చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీద ఎక్కించి, ఆ కార్డులను రేకు పెట్టెలో సర్ది, బొంబాయికి బయలుదేరారు. ధర మాట్లాడే మనిషిగా పెద్ద సారు నన్ను వెంట పంపారు. బండి తాండూరులో ఆగేసరికి మా బాపు జొన్నరొట్టెల మూటతో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నాడు. పెట్టె వంక అనుమానంగా చూసి, "గా పేటిల ఏమున్నది సారూ, బట్టల థాన్లా?" అన్నాడు.

"నై సాబ్, మీ బావులున్నయి. యాలాల్‌ది, పెద్దేముల్‌ది, కుల్కచర్లది, అన్నీ దీంట్లనే."

"అయితె జర పైలం, ఒలికిపోతయి" అన్నాడు బాపు, నవ్వకుండా. బండి కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని నడుస్తూ నాతో అన్న మాట మాత్రం వేరు: "సారుకు లెక్కలొస్తయి, బేరం రాదు. నువ్వు మొదటి మాటకే తలకాయ ఊపకు."

బొంబాయిలో మొదటి కంపెనీ యంత్రం మా కార్డులను పొద్దున మింగి, మధ్యాహ్నం దాకా గుర్రుమని, చోటు చాలలేదని లెక్క మధ్యలో వదిలేసింది. రెండోది గంటన్నరలో ముగించింది. కాగితం మీద అంకెలు వరసగా దిగుతుంటే సారు దాని పక్కన నిలబడి, సంతలో ఎద్దు వీపు తడిమినట్టు ఆ ఇనుప బీరువాను తడిమారు. అక్కడ వేసి చూపింది ఒక తాలూకా ముక్క మాత్రమే. అసలు లెక్కకు యంత్రం మన దగ్గర నెలల తరబడి ఉండాలి. ఎంపిక అయిపోయింది, ఇక నా వంతు.

ఇక్కడ ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. వాళ్ళు చెప్పిన ధర మాకు మంజూరైన డబ్బులోనే ఉంది. బేరమాడవలసిన అవసరమే లేదు. కానీ అడిగిన ధర ఒప్పుకుని వస్తే తాండూరు స్టేషనులో బాపుకు ఏ మొహం చూపించాలి? అందుకని మర్నాడు వాళ్ళ ఆఫీసులో, టై కట్టుకున్న అధికారి ఎదుట, నాలుగోవంతు తగ్గించాలనీ, పైగా ఇంకొక ప్రింటరు కొసరుగా ఇవ్వాలనీ అడిగాను. ఆయన ఎంతో మర్యాదగా, ధరలు విదేశంలోని పెద్దాఫీసు వాళ్ళే నిర్ణయిస్తారనీ, ఇండియాకు కేటాయించినవాటిలో ఇదొక్క యంత్రమే మిగిలిందనీ చెప్పాడు. ఒక్కటే మిగిలిందనని దుకాణదారును నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సారు బల్ల కింద నా మోకాలు నొక్కి, గుసగుసగా, "ఇచ్చెయ్ మియా. పైసలు సర్కారువి, టైం నాది" అన్నారు.

నేను లేచాను. సారు చెయ్యి పట్టుకుని లేవదీశాను. నిదానంగా నడిచాం. వరండాలో సోఫా మీద ఒకాయన ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఏడో అడుగు పడేసరికి వెనక తలుపు తెరుచుకుంది, పిలుపు వినిపించింది. పిలిచింది మమ్మల్ని కాదు, ఆ సోఫా మీది మనిషిని. నేను మనసులో నవ్వుకున్నాను. మా బజారులో ఇది పాత ఎత్తు. గిరాకిని తొందర పెట్టడానికి బావమరిదినో పక్క దుకాణం వాడినో కొనేవాడిలా కూర్చోబెడతారు, దొంగ గిరాకి అంటారు. బొంబాయివాళ్ళకు కూడా ఈ విద్య వచ్చునన్నమాట అని సారుకు వివరించాను కూడా.

ఎదురుగా ఇరానీ హోటల్లో, వాళ్ళ గుమ్మం కనబడేలా కూర్చున్నాం. మూడు చాయ్‌లు అయ్యాయి. సారు తన చాయ్ సగంలో వదిలేసి, "ఇంకెంత సేపు మియా?" అన్నారు.

"ఇంకో చాయ్ సార్. వాళ్ళే మనిషిని పంపిస్తరు."

సోఫా మీది మనిషి బయటికి వచ్చాడు, టై ఆయన మెట్ల దాకా వచ్చి చెయ్యి కలిపి సాగనంపాడు. దొంగ గిరాకికి ఇంత మర్యాద ఎందుకో అన్న అనుమానం నాకు ఆ క్షణంలోనే వచ్చింది, వచ్చిన అనుమానాన్ని నాలుగో చాయ్‌తో మింగేశాను.

తిరిగి వచ్చాక ఆఫీసులో నేను చెప్పిన మాట ఏమంటే, ముందు ఉత్తరం రాసినవాడు ఓడినట్టు. పెద్ద సారుకు అది నచ్చింది. "తాండూరోడు చెప్పిండంటె ఆగుదాం" అన్నారు. అందరూ నన్ను నమ్మారు, అదే నా ప్రాణానికి వచ్చింది. ఫిబ్రవరి అంతా టపా సంచీ రాగానే నేనే ముందు వెళ్ళి ఉత్తరాలు తిరగేసేవాణ్ణి. ఇక రాద్దామా అని నోటిదాకా వచ్చేది, ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు రాస్తే ఇంకా అలుసైపోతామని ఊరుకునేవాణ్ణి. సారు రోజుకొకసారి నా బల్ల దగ్గర ఆగి, ఏమీ అడగకుండా ఒక చిటికెడు వక్క నా చేతిలో పెట్టి వెళ్ళేవారు.

మార్చి మూడోవారంలో ఉత్తరం వచ్చింది. మీ ప్రతినిధులు సమావేశం మధ్యలో వెళ్ళిపోయినందున మీకు ఆసక్తి లేదని భావించి, ఆ యంత్రాన్ని అదే రోజు మరొక సంస్థకు కేటాయించామని అందులో సారాంశం. నెలాఖరుకు మంజూరు రద్దయింది. పెద్ద సారు నన్ను తిట్టలేదు, తిట్టాలంటే తనని కూడా కలిపి తిట్టుకోవాలి కదా.

పండక్కని ఇంటికి వెళ్ళినప్పుడు బాపుకు అంతా చెప్పాను. ఆయన థాను చుడుతూ విని, "గక్కడ ఇంకో గిరాకి ఉండెనా?" అన్నాడు.

"ఉండె బాపూ. దొంగ గిరాకి అనుకున్న."

"ఒక్కటే మాలు ఉన్నోనికి దొంగ గిరాకి ఎందుకురా? నిజమైన గిరాకి కూసున్న దుకాణంల కెల్లి ఎన్నడన్న లేసి వస్తరా? గిది నేను చెప్పాల్నా కొడుకా!" అని, థాను తీసి అలమరలో పెట్టేశాడు. నన్ను ఆయన మళ్ళీ ఎప్పుడూ బేరానికి పంపలేదు. కూరగాయలకు కూడా.

సారు రిటైరై వికారాబాద్ వెళ్ళిపోయారు. రేకు పెట్టె నా స్టోరులోనే మిగిలింది. మరో మూడేళ్ళకు ఇంకొక మంజూరు వచ్చి, ఇంకొక యంత్రం వచ్చింది. దాని ధర గురించి నేను నోరు విప్పలేదు. కొత్తగా వచ్చిన శాస్త్రవేత్తలను బతిమాలి, తేమకు ఉబ్బిన కార్డులను మళ్ళీ కొట్టించి, సెలవు రోజుల్లో ఖాళీగా ఉండే యంత్రాన్ని అడిగి పుచ్చుకుని, అయిదారు నెలలకు సారు లెక్క పూర్తి చేయించాను. ఆ కాగితాల బొత్తి సంకన పెట్టుకుని ప్యాసింజరు బండిలో వికారాబాద్ వెళ్ళాను.

సారు అరుగు మీద కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్కొక్క ఊరి పేరు కింద వేలు జరుపుతూ గంటసేపు చదివారు. పెద్దేముల్ దగ్గర వేలు ఆగింది. ఆ సమయానికే రోడ్డు మీద ఒక బోరు బండి, దాని వెనకే ఇంకొకటి, తాండూరు వైపు దుమ్ము రేపుకుంటూ పోయాయి. సారు నా చాయ్ కప్పులో దుమ్ము పడకుండా సాసరు బోర్లించారు. "లెక్క కరెక్టే వచ్చింది మియా" అన్నారు. "గీ ఊర్లల్ల మూడేండ్ల కింద బోర్లు ఆపితె బావులు నిలుస్తుండె." నేను ఏదో అనబోయాను, క్షమాపణ లాంటిది. ఆయన వినిపించనట్టు, "చాయ్ తాగు, సల్లగైతది" అన్నారు. అంతకన్నా ఒక తిట్టు తిట్టి ఉంటే ఈ నలభై ఏళ్ళు నాకు ఇంకొంచెం తేలికగా గడిచేవి.

సారు పోయి చాలా కాలమైంది. ఆ కాగితాల రెండో ప్రతి నా దగ్గరే ఉంది. ల్యాప్‌టాప్ కొన్న మూడో రోజున, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా షేర్ ఆటో ఎక్కి పెద్దేముల్ వెళ్ళి, సారు పట్టీలో ఆ ఊరి కింద మొదట ఉన్న బావి ఎక్కడిదో వాకబు చేశాను. చూపించినచోట కంది చేను ఉంది. చేను తాలూకు రైతు, నా కొడుకు వయసువాడు, అక్కడ బావి ఉండేదని చిన్నప్పుడు విన్నాడట గాని చూడలేదు. దాన్ని పూడ్చింది వాళ్ళ అయ్య. ఇప్పటికి నాలుగు బోర్లు వేశామనీ, మూడు ఎండిపోయాయనీ చెప్పాడు. నేను కాగితం తీసి, ఏ ఏడు ఎన్ని అడుగుల లోతులో నీళ్ళున్నాయో చదివి వినిపించాను, బోర్లు ఆపకపోతే ఏమవుతుందో కూడా ఒకాయన ముందే లెక్క వేశాడని చెప్పాను.

అతను కాగితం వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. "గట్లయితె మా అయ్యకు అప్పుడు ఎందుకు చెప్పకపోతిరి పెద్దమనిషీ?" అన్నాడు. కోపంగా కాదు, తెలియక అడిగాడు. నేను టోపీ సర్దుకున్నాను, ఎండ బాగా ఉందన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆటో కోసం రోడ్డు ఎక్కాను.

తిరుగు ఆటోలో పక్కన కూర్చున్న ఇద్దరు రైతులు బోర్ల గురించే మాట్లాడుకుంటున్నారు. ఎన్ని అడుగులకు పడ్డాయి నీళ్ళు అని ఒకరు అడిగితే, చెబితే పక్కవాడు ఇంకా లోతుకు దించుతాడనో ఏమో, రెండోవారు మాట మార్చేశారు. మా సారు చెప్పేవారు, ఆ రోజుల్లో ఆయన ఊళ్ళోకి వెళితే చాలు, ఎవరో ఒకరు నాగలి ఆపి వచ్చి టేపు రెండో కొస పట్టుకునేవారట, వంగి చూసి మా బావిల గిన్ని నీళ్ళున్నయని పక్కవాడికి వినబడేలా గట్టిగా అరిచేవారట. ఇప్పుడు ఎవరి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు.