బ్లాక్ చేసిన నంబరు

ఫోటోగ్రాఫర్లకు కంపెనీల పనులు కుదిర్చే బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఓ ఆఫీసులో అపూర్వ రోజుకు అరవై ఫోన్లు చేస్తుంది. ఎవరేమన్నారో కంప్యూటర్ జాబితాలో రాసిపెడుతుంది. మార్చిలో అస్కర్ అనే ఊళ్లోని ఫ్యాక్టరీ మేనేజరొకాయన, పనీపాటా లేదా మీకు అని కసిరాడు. అపూర్వకు ఒళ్లు మండింది. ఆయన నంబరు బ్లాక్ చేసేసి హాయిగా టీ తాగింది.

జూన్‌లో ఫోటోగ్రాఫర్ వేంకటాచలంగారు ఆఫీసుకు వచ్చారు. యంత్రాలను ఆయనలా ఫోటో తీసేవాళ్లు ఆఫీసు ఫోటోగ్రాఫర్ల జాబితాలో మరొకరు లేరు.

"మూణ్ణెల్లుగా పనుల్లేవమ్మా. వీసా అయిపోతోంది, కాకినాడ వెళ్లిపోతున్నాను. అస్కర్ మేనేజరు కొత్త ప్లాంటు ఫోటోలు నాకే ఇస్తానన్నాడు. మీ ఆఫీసుకే ఫోన్ చేస్తానన్నాడు. చేయలేదా?"

"లేదండీ" అంది అపూర్వ.

ఆయన వెళ్లాక అనుమానమొచ్చి ఫోన్‌లో బ్లాక్ చేసిన కాల్స్ తెరిచి చూసింది. అస్కర్ మేనేజరు నంబరు నుంచి ఏప్రిల్‌లో ఏడు కాల్స్ వచ్చి ఆగిపోయాయి. వెంటనే ఆ మేనేజరుకు ఫోన్ చేసింది.

"ఆ ఫోటోలా? వేరేవాళ్లు తీసేశారు, ఖలాస్" అన్నాడాయన, ఈసారి మర్యాదగానే.

ఇక వేంకటాచలంగారి పేరు పక్కన 'బహ్రెయిన్‌లో లేరు' అని రాయాలి. కారణం కూడా రాయందే ఆ పేజీ మూసుకోదు. 'పని రాలేదు' అని కొట్టింది. చెరిపేసింది. కాసేపాగి మళ్లీ అదే కొట్టింది.