కార్వేటినగరం దారిలో తెల్లబట్టల నావికుడు

మా నాయన ఓడలో వంట చేసేవాడు. ఐరాల పక్కన చెరుకు తోటల్లో పుట్టి, మీసాలు వచ్చేదాకా బావి నీళ్లు తప్ప మరో నీళ్లు చూడని మనిషి నౌకాదళంలో చేరాడు. పదిహేనేళ్లు వందలమందికి సాంబారు కాచి, పెన్షనుతో తిరిగొచ్చి గూడూరులో స్థిరపడ్డాడు. ఇప్పుడు ఆయన మోకాళ్లు మొండికేశాయి కాబట్టి తిరిగే పని నాది, కూర్చుని వంకలు పెట్టే పని ఆయనది. నాది బడిపంతులమ్మ ఉద్యోగం. ఏటా వేసవి సెలవుల్లో నావికుల పేరిట కట్టిన స్మారకం ఎక్కడైనా ఒకటి చూసి వచ్చి, ఫోటోలు ఆయనకు చూపించడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. విశాఖలో ఒడ్డెక్కించిన జలాంతర్గామిలో దూరి తల బొప్పి కట్టించుకున్నాను. అక్కడి యుద్ధ స్మారకం దగ్గర ఎండకు మాడి, నిమ్మకాయ సోడా తాగి బతికాను. అవన్నీ సముద్రం పక్కన ఉన్నవి. ఈసారి వెళ్లింది మాత్రం సముద్రం ఊసే లేని చోటికి, కార్వేటినగరం అవతల కొండల మధ్య ఉన్న చిన్న పల్లెకు.

ఆ పల్లెలో ఒక నావికుడి విగ్రహం ఉందని చుట్టాల పెళ్లిలో ఎవరో చెప్పారు. అతని పేరు చెంగల్రాయుడు. పదేళ్లకు పైనే అయింది, మే నెల తుపానులో జాలరివాళ్లను కాపాడబోయి సముద్రంలో పోయాడట. శరీరం దొరకలేదు. విగ్రహం పెట్టించింది వాళ్లక్క మునిలక్ష్మి. ఫోను నంబరు సంపాదించి, వస్తానంటే ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. "రామ్మా, వాని దినం రోజుకే రా. సంకటి తిని పోదువు. నీది గూడూరంటివే, వచ్చేటప్పుడు ఒక క్యాను సముద్రం నీళ్లు తెస్తావా?" అని అడిగింది. ఎందుకని నేనడగలేదు. అడగాలనిపించలేదు కూడా.

ముందురోజు సాయంత్రం తూపిలిపాళెం బీచికి వెళ్లి, చెప్పులు చేత పట్టుకుని, ఐదు లీటర్ల క్యాను నింపుకొచ్చాను. తెల్లవారుజామున గూడూరులో రైలెక్కితే ఎనిమిది కాకముందే తిరుపతి. స్టేషను ఎదురుగా వేడి పొంగలి తిని బస్టాండుకు నడిచాను. పుత్తూరు వైపు బస్సులకు కొదవ లేదు, గంట ప్రయాణం. మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు చేతిలో ఉంటే చాలు. నా కార్డు చూసిన కండక్టరు కళ్లు మాత్రం కాళ్ల దగ్గరున్న క్యాను మీద పడ్డాయి.

"ఏందమ్మా అది? కిరసనాయిలయితే దింపేస్తా, ముందే చెప్తాండా."

"సముద్రం నీళ్లు."

"సముద్రం నీళ్లా! కొండకొచ్చినోళ్లు ఈడ్నించి తీర్థం పట్టుకపోతారు. నువ్వేంది, ఎదురు తెస్తా ఉండావు?" అని మూత తీయించి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని మొహం చిట్లించాడు. "నిజమేనబ్బా! సరే, నీకు ఫ్రీ. క్యానుకు మాత్రం టికెట్టు కొట్టాల్సిందే," అని బెదిరించి, బస్సంతా నవ్వాక ముందుకు వెళ్లిపోయాడు.

పుత్తూరులో దిగగానే చేతికో కాలికో కట్టుతో కనీసం నలుగురు ఎదురవుతారు. ఎముకలు విరిగినవాళ్లకు ఈ ఊరి కట్టు మీద అంత నమ్మకం. నా ఎముకలు ఇంకా పనిచేస్తున్నందుకు సంతోషించి, కార్వేటినగరం మీదుగా వెళ్లే షేర్ ఆటో పట్టుకున్నాను. మనిషికి నలభై. రెండు పక్కలా మామిడి తోటలు, కొమ్మలు నేలకు తగిలేంత కాపు. కార్వేటినగరంలో పాత రాజుల కోట మిగులు గోడలు చూడాలనుకునేవాళ్లు ఉదయం పూటే చూసుకోండి, ఆ తర్వాత రాయి మీద కాలు పెట్టలేరు. ఆటోవాడికి నేను దిగాల్సిన చోటు చెబితే వాడు వెంటనే తలూపాడు.

"ఓ, లీడరు బొమ్మ కాడా?"

"లీడరు కాదు నాయనా, నేవీ ఆయన."

"తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. లీడరు గాకపోతే ఇంకెవురు?" అన్నాడు వాడు, నాకేమీ తెలియదన్నట్టు.

ఆటో దిగేసరికి పది దాటింది. మలుపులో నిలువెత్తు సిమెంటు బొమ్మ, తెల్లరంగు పొట్టు పొట్టుగా లేచిపోయి ఉంది. కింద నాలుగు మెట్లు, చుట్టూ ఇనుప కమ్ములు. బొమ్మ ముందు ముగ్గురు వాదులాడుకుంటున్నారు. యాభై దాటిన, పొట్టిగా గట్టిగా ఉన్నావిడ మునిలక్ష్మి. భుజాన తువ్వాలు వేసుకున్న పెద్దాయన ఆ ఊరి మాజీ సర్పంచి. వాళ్లిద్దరి మధ్య, ఒక చేత్తో పచ్చరంగు డబ్బా, రెండో చేత్తో తెల్లరంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాయన పుత్తూరు నుంచి వచ్చిన పెయింటర్ మస్తాన్.

నన్ను చూడగానే మునిలక్ష్మి క్యాను అందుకుని గుండెకు హత్తుకుంది. వాదం నాకు మొదటినుంచీ చెప్పింది. విగ్రహం కొన్నప్పుడు బొమ్మలు చేసేవాళ్ల దగ్గర సైనికుడి అచ్చు ఒకటే ఉందట. మొహం మాత్రం చెంగల్రాయుడిది పెట్టి, పచ్చరంగు వేసి ఇచ్చారు. మా సీమలో ఏ దళంలో పనిచేసినా మిలిట్రీయే కాబట్టి ఊరు సంతోషించింది. ఈవిడకు మాత్రం మింగుడుపడలేదు. తమ్ముడు తొడిగింది తెల్లబట్టలు. చివరికి పట్టుబట్టి, టోపీ సరిచేయించి, తెల్లరంగు వేయించింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. పోయినసారి ఎన్నికలప్పుడు ఒక పార్టీవాళ్లు బొమ్మకు కండువా కప్పారు. ఇంకో పార్టీవాళ్లు పీకేశారు. ఆ పైన ఎన్నికల కోడ్ అమల్లోకి వచ్చిందని ఎవరో వచ్చి, నాయకుల విగ్రహాలతో పాటు దీన్నీ గుడ్డతో చుట్టేసి తాడు కట్టి పోయారు.

"వాని దినం రోజు కూడా వాడు ముసుగులోనే ఉన్న్యాడు తల్లీ," అంది మునిలక్ష్మి. "తాడు ఇప్పితే కేసు అన్న్యారు. గుడ్డ మీదనే నీళ్లు సల్లి వచ్చేసినా. మొగం సూడలేదు."

మాజీ సర్పంచి గొంతు తగ్గించి నాతో అన్నాడు. "నాకు మాత్రం బాగుందా అమ్మా? మళ్లా పంచాయతీ ఎలచ్చన్లు వస్తా ఉండాయి. పచ్చరంగు ఏస్తే మిలిట్రీ అని ఎవురూ ముట్టుకోరు. తెల్లగుంటే మళ్లా మూటగడతారు."

ఆయన మాటలో తప్పేమీ లేదు. పచ్చరంగు వేస్తే ముసుగు ఉండదు, కానీ అది తమ్ముడు కాదు. తెల్లరంగు వేస్తే తమ్ముడే, కానీ ముసుగు తప్పదు. మస్తాన్ రెండు డబ్బాలూ కింద పెట్టి, "మీరు మాట్లాడుకోండమ్మా, నేను టీ తాగొస్తా," అన్నాడు. ఆయన టీ నుంచి వచ్చేలోగా నాకు తోచిన ఒకే పని చేశాను. మా నాయనకు వీడియో కాల్ కలిపి, ఫోనును బొమ్మ వైపు తిప్పాను.

మా నాయనకు నమస్కారాలూ కుశలప్రశ్నలూ తెలియవు. "కాలరేదీ?" అన్నాడు.

"ఏం కాలరు నాయనా?"

"నేవీ కాలరే! నీలంది, అంచుకు తెల్లగీతలు ఉంటాయి. భుజాల మీద్నించి ఎనక్కి యాలాడతాది. చేరిన కొత్తలో అందురం కట్టినోళ్లమే. తెల్ల చొక్కా యా లీడరైనా ఏస్తాడు. ఎనకాల నీలంగుడ్డ యాలాడే లీడరు యాడన్నా ఉండాడా?"

మాజీ సర్పంచి పచ్చరంగు డబ్బాను కాలితో పక్కకు నెట్టాడు. మునిలక్ష్మి మాత్రం ఫోను దగ్గరికి రానే లేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, మరుక్షణం ఇంటివైపు పరుగెత్తింది. ఏమైందో తెలియక ఫోను పట్టుకుని నేనూ వెనకాలే వెళ్లాను. ముందు గదిలో గూట్లో తమ్ముడి ఫోటో ఉంది, మామూలు తెల్ల చొక్కాలో. ఆ ఫోటో కింద పరిచిన నీలంగుడ్డను ఆవిడ రెండు చేతులతో లాగి తీసింది. కుంకుమ మరకలు, నూనె చుక్కలు. అంచున తెల్లగీతలు. రెండు మూలలా కట్టుకునే నాడాలు.

"వాని పెట్టెలో వచ్చింది. దేనిదో తెలీక ఫోటో కింద ఏసినా. సెలవుల్లో వచ్చినప్పుడంతా లుంగీలోనే గదా ఉండేటోడు. ఇదా పెద్దాయనా? ఇదేనా?" అని ఫోనుకు చూపించింది.

"అదే తల్లీ," అన్నాడు మా నాయన. ఆ గుడ్డకు మాత్రం ఆయన ఏ వంకా పెట్టలేదు.

ముందు స్నానం. మునిలక్ష్మి నిచ్చెనెక్కి, నేను తెచ్చిన నీళ్లు చెంబుతో తల మీద పోసి, అరచేత్తో నుదురు, చెంపలు, మెడ రుద్దింది, చిన్నపిల్లవాడికి పోసినట్టే. శరీరం దొరకలేదు కాబట్టి తమ్ముడు ఆ నీళ్లలోనే ఉన్నాడని ఆవిడ లెక్క. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మస్తాన్ కింద నుంచి సణుగుతూనే ఉన్నాడు. "ప్రతి ఏడూ ఈ ఉప్పు నీళ్లు పోస్తావు, ప్రతి ఏడూ నా పెయింటు లేస్తాది. నా పేరు పోతా ఉండాది అక్కా."

"లేస్తే లేయనీ భాయ్. మళ్లా ఏద్దాం."

తర్వాత మంచినీళ్లతో కడిగి ఎండబెట్టారు. రోహిణి ఎండ, గంటలో బొమ్మ నిప్పులా కాలింది. మధ్యాహ్నం మునిలక్ష్మి ఇంట్లో రాగి సంకటి, ఊరిబిండి, చివర్లో తోటలోంచి కోసుకొచ్చిన మామిడిపళ్లు. ఆ వేరుశనగల ఊరిబిండి కోసమైనా ఈ ప్రయాణం మళ్లీ చేయొచ్చు. ఎండ తగ్గాక మస్తాన్ తెల్లరంగు వేశాడు, ఆపైన ఇనుప కమ్ములకని తెచ్చిన నీలంరంగు డబ్బా తెరిచాడు. అసలు కాలరును మునిలక్ష్మి పక్కన ఎత్తి పట్టుకుంటే, చూసి చూసి బొమ్మ భుజాల మీద, వీపు మీద గీశాడు. గీతల మధ్య ఎడం తేడాగా ఉందని మా నాయన ఫోనులో రెండుసార్లు చెరిపించాడు.

సాయంత్రం తిరుగు ఆటో కోసం నిలబడితే, పొద్దున నన్ను దించినవాడే వచ్చాడు. బండి ఆపి, మెడ బయటికి పెట్టి బొమ్మను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏమప్పా, లీడరా?" అని అడిగింది మునిలక్ష్మి, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"కాదులే అక్కా," అన్నాడు వాడు. "ఓడ మీదోడు."

ఆవిడ నన్ను ఆటో ఎక్కించి, ఖాళీ క్యాను నా ఒళ్లో పెట్టి, వచ్చే ఏటికి మరిచిపోవద్దని చెప్పింది.

పెద్ద స్మారకాల దగ్గర నాకెప్పుడూ గర్వం కలుగుతుంది, ఫోటోలు బాగా వస్తాయి. ఇక్కడ కలిగింది గర్వం కాదు, మనసు నిండడం. నల్లరాతి గోడమీద చెక్కిన పేర్లకు ఎవరూ స్నానం చేయించరు. ఆటోలో కూర్చున్నాక మస్తాన్ సణుగుడు గుర్తొచ్చింది, అప్పుడు నాకు అర్థమైంది. ఉప్పుకు రంగు లేచిపోతుందని మునిలక్ష్మికి తెలియక కాదు. లేస్తేనే కదా, ఏడాదికొకసారి నిచ్చెనెక్కి తమ్ముడి మొహం చేత్తో తడిమే పని పడేది. మర్నాడు భోజనం దగ్గర మా నాయన, తన పాత కాలరు ఎక్కడుందో చూడమన్నాడు. బీరువాలో అడుగున ఉంది. ఇస్త్రీ చేసి పెట్టాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. పుత్తూరులో ఆటోవాళ్లను లీడరు బొమ్మ అనో మిలిట్రీ బొమ్మ అనో అడగకండి, ఓడ మనిషి బొమ్మ అని అడగండి. తెలియకపోతే తెలిసేదాకా అలాగే అడగండి. మీది సముద్రం పక్క ఊరైతే, వెళ్లేటప్పుడు ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లండి.