నీళ్ళ సంచి వెనక అక్షరాలు

నాయనకు కిడ్నీలు చెడిపోయాక కడుపులోకి గొట్టం అమర్చారు. రోజుకు నాలుగుసార్లు ఆ గొట్టం గుండా పాతనీళ్ళు ఖాళీ సంచిలోకి దించి, కొత్త మందునీళ్ళు ఎక్కించాలి. వాషర్‌మెన్‌పేట్‌లో మా ముందుగది తలుపు మూసి, ఫ్యాను ఆపి, మూతికి గుడ్డ కట్టుకుని ఆ పని నేనే చేసేదాన్ని.

దిగిన సంచి వెనక అచ్చుకాగితం పెట్టి చూడమంది నర్సు. అక్షరాలు కనిపిస్తే నీళ్ళు బాగున్నట్టు. నేను వారపత్రికలో కథ పేజీ పెట్టేదాన్ని. ఎవరితోనూ పెద్దగా మాట్లాడనిదాన్ని, నాయనకు మాత్రం సంచి గుండా కనిపించిన రెండు వాక్యాలూ చదివి వినిపించేదాన్ని. తర్వాత ఏమైందని అడిగితే, మళ్ళీ సంచి మార్చేటప్పుడు చెబుతాననేదాన్ని.

నెలకు మూడురోజులు నేను వెనకగదిలో ఉండాలి, దేన్నీ ముట్టుకోకూడదు. అప్పుడు అమ్మ చేసేది. సబ్బుతో బాగా కడుక్కున్న చేతులను మళ్ళీ కొంగుకే తుడుచుకునేది. వద్దని తలుపు చాటునుంచి చెప్పినా అలవాటు పోలేదు.

ఆ నెల ఆ వారపత్రికను కూడా నాతోపాటే వెనకగదికి తెచ్చుకున్నాను. మూడోరోజు సాయంత్రం అమ్మ సంచి పట్టుకుని బాత్రూమ్ వైపు వెళుతుంటే నీళ్ళు బియ్యం కడిగినట్టు కనిపించాయి. ఇటు చూపించమన్నాను.

"ఆడనే ఉండు. తాకుతావేమో" అంది. నాయనకు కడుపునొప్పిగా ఉందట, పొద్దున తిన్న పప్పు పడలేదట.

గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను: నీళ్ళు తెల్లగా ఉన్నాయి.

మర్నాడు తలస్నానం చేసి వెళ్ళేసరికి నాయన మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. సంచి వెనక ఒక్క అక్షరం కనిపించలేదు.

ఆసుపత్రిలో డాక్టరు, కడుపు లోపలి పొరకు చీము పట్టిందన్నాడు. ఇంట్లో సంచి మార్చేది ఎవరని అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. ఆ మూడురోజుల సంగతి మగడాక్టరుకు ఎలా చెబుతుంది?

"మా అమ్మాయే" అంది అరవంలో.

చదువుకున్నదానివి, చేతులు కడుక్కోవడం తెలియదా అని ఆయన నన్ను కోప్పడ్డాడు. తల వంచుకున్నాను. నాయన కళ్ళు మూసుకునే, "దాన్నేమీ అనొద్దు సార్" అన్నాడు.

మందులు పనిచేయలేదు. వారం తర్వాత గొట్టం తీసేశారు. లోపలి పొర దెబ్బతిన్నదనీ, మళ్ళీ పెట్టడం కుదరదనీ, ఇక ఆసుపత్రికి వచ్చి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాల్సిందేననీ చెప్పారు.

గొట్టం తీసిన రెండురోజుల తర్వాత నాయన అడిగాడు, "ఆ కథలో తర్వాత ఏమైంది?"

ఆ మూడురోజుల్లో వెనకగదిలో కూర్చుని చివరిదాకా చదివేశాను నేను. గుర్తులేదు నాయనా అన్నాను.