సీటు కింద టాంకీ

టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న సైనికుడు తనదీ శ్రీకాకుళమేనన్నాడు. ఎడారిలో గస్తీ జీపు నడుపుతాడట.

"ముందు తలుపులు పీకీసినారన్నా, తరవాత అద్దం తీసీసినారు. ఈ ఏడు ఇంకా దూరం ఎల్లాలని నా సీటు కిందే రెండో పెట్రోలు టాంకీ ఎట్టినారు. అతుకు పక్కన మూడు సుక్కలున్నాయి. రోజూ వాటికి దండమెట్టి బండెక్కుతాను."

ఇక్కడికి దగ్గర్లోని గమ్హరియా షెడ్డులో ఆ టాంకీలకు వెల్డింగ్ చేసింది నేనే. మూడు చుక్కలు నా గుర్తు. టాంకీలో గాలి నింపి, అతుకు మీద సబ్బునీళ్లు పోసి, బుడగ రాకపోతేనే ఆ గుర్తు కొట్టాలి. ఓ రోజు లారీ వచ్చేసిందని ఆఖరి నాలుగింటికీ పరీక్షించకుండానే కొట్టేశాను.

"నువ్వేటి సేత్తావన్నా?" అని అడిగాడు.

"కిరాణా కొట్టు," అన్నాను.

అతని రైలొచ్చింది. ఆ తర్వాత సబ్బునీళ్లు పోయకుండా నేను ఏ టాంకీకీ చుక్క పెట్టలేదు. ఆ నాలుగూ మాత్రం ఎక్కడున్నాయో తెలియదు.