చప్పుడు వినపడినంతసేపు

బాలమణివి పాము చెవులని గల్లీలో పేరు. సాఖర్‌పేటలోని ఆ గల్లీలో పద్నాలుగు ఇళ్లు, ఇంటికో గుంట మగ్గం. పొద్దున కోడి కూసింది మొదలు అన్నీ ఒకేసారి టకటకమంటుంటే కొత్తగా వచ్చిన చుట్టాలకు తల తిరిగిపోయేది. బాలమణి మాత్రం వాకిట్లో బీడీలు చుడుతూనే, తల ఎత్తకుండా చెప్పేది: నర్సమ్మ మొగుడు ఇవాళ కోపం మీద నేస్తున్నాడు, మూలింటాయనకు పోగు తెగింది, ఎదురింటి ముసలాయన నిద్రలోకి జారుతున్నాడు. పోయి చూస్తే అంతే ఉండేది. అదేం విద్యే అని ఆడవాళ్లు అడిగితే నవ్వి ఊరుకునేది. అది విద్య కాదు, భయం. ఆ సంగతి ఆమెకే తెలుసు.

సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి సాయిలు పెళ్లాంగా షోలాపూర్‌కు వచ్చేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం మగ్గం చప్పుడు చప్పున ఆగింది. అన్నానికి లేస్తున్నాడేమో అనుకుని ఆమె కంచం కడుగుతూ కూర్చుంది. అత్త యల్లమ్మ మాత్రం చేతిలోని చాట పారేసి లోపలికి ఉరికింది. వెనకాలే వెళ్లిన బాలమణికి గుంటలోకి వాలిపోయిన మొగుడు కనిపించాడు. కళ్లు పైకి పోయాయి, నోట్లో నురగ, కాళ్లు మగ్గం పలకలకు కొట్టుకుంటున్నాయి. చిన్నప్పటి నుంచీ ఉన్న మూర్ఛ. పెళ్లికి ముందు ఎవరూ చెప్పలేదు. అత్త అతని గుప్పిట్లో తాళపు చెవులు కుక్కి, పక్కకు ఒత్తిగిలించి, తల ఒళ్లో పెట్టుకుంది. అంతలోనే నర్సమ్మ, మూలింటాయన, ఎదురింటి ముసలాయన గడప దాటి వచ్చేశారు. ఎవరూ పిలవలేదు. మగ్గం ఆగడమే పిలుపు.

ఆ సాయంత్రం అత్త కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది. "సూడు బిడ్డా, నీళ్లు తాగనీకె ఆపితే ఉత్త పలక మీద రెండు దెబ్బలు కొడ్తడు. అది మావోనికి నేర్పిన. దెబ్బలు కొట్టకుంట ఆగిందంటె నువ్వు ఏడున్నా ఉరకాలె. మగ్గం ఆడినంత సేపు నీ మొగుడు బాగున్నట్టే."

ఇరవై ఏళ్లు బాలమణి ఆ మాట మీదే బతికింది. అత్త పోయింది, ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు, యశోద ఒక్కతే దక్కింది. చెవి మాత్రం మగ్గం మీద నుంచి కదల్లేదు. ఏడాదికి రెండు మూడుసార్లు పడేవాడు. పడ్డప్పుడల్లా గల్లీ అంతా వచ్చేది. అదొక గొప్ప సంగతిగా కూడా ఎవరూ చెప్పుకునేవారు కాదు. లేపి, నీళ్లు తాగించి, ఎవరి మగ్గం దగ్గరికి వాళ్లు పోయేవారు.

స్వరాజ్యం వచ్చి ఏడెనిమిదేళ్లయ్యేసరికి గుంట మగ్గం మీద నేసిన చీరను అడిగేవాళ్లు తగ్గారు. గల్లీ చివర రాజారాం రేకుల షెడ్డు వేసి నాలుగు కరెంటు మగ్గాలు దించాడు. వాళ్ల కులంవాడే గానీ వేరే పేటవాడు, కష్టపడి పైకొచ్చినవాడు. ఇప్పుడు అందరూ శేటు అంటున్నారు. గల్లీలోని పెంటయ్య, ఇంకో ఇద్దరు నేతగాళ్లు అతని దగ్గర చేరారు. నాలుగో మగ్గానికి సాయిలును అడిగాడు.

ఇంట్లో ఆ రాత్రి అన్నం ఎవరికీ సహించలేదు. మూర్ఛ ఉందని చెబితే రాజారాం పెట్టుకోడు. చెప్పకపోతే, నడుస్తున్న ఇనుము పక్కన పొద్దంతా నిలబడాలి. బాలమణి వద్దంది. సాయిలు వినలేదు. ఆఖరికి కులదైవం మార్కండేయుని మీద ఒట్టు వేయించుకున్నాడు, శేటు చెవిన పడకూడదని. మిగతా గల్లీవాళ్లకు ఒట్టు అక్కర్లేదు, వాళ్లు ఎటూ చెప్పరు.

సాయిలు పనిలో చేరిన రెండో రోజే బాలమణి రొట్టె మూట నెపంతో షెడ్డుకు వెళ్లింది. గడప మీదే కాళ్లు ఆగిపోయాయి. పైన ఇనుప కడ్డీ తిరుగుతోంది, దాని నుంచి మగ్గాలకు తోలు పట్టాలు చరచరా జారుతున్నాయి, నేల అదిరి అరికాళ్లలోంచి పళ్లలోకి వస్తోంది. సాయిలు ఆమెకు రెండు బారల దూరంలో వీపు తిప్పి ఉన్నాడు. పిలిచింది. గొంతు పెంచి పిలిచింది. తన గొంతు తనకే వినపడలేదు.

అంతకంటే ఘోరం ఇంకొకటి చూసింది. సాయిలు చెమట తుడుచుకోవడానికి మగ్గం వదిలి గోడ దగ్గరికి వెళ్లాడు. మగ్గం ఆగలేదు. మనిషి లేకుండానే పోగు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ బట్ట నేస్తూనే ఉంది. బాలమణి రొట్టె మూట అక్కడే పెట్టి, వచ్చిన దారినే ఇంటికి నడిచింది. అత్త చెప్పిన మాట ఇక పనికిరాదు. మగ్గం ఆడుతుంటే ఆడుతుంది. దాని పక్కన మనిషి నిలబడి ఉన్నాడో పడి ఉన్నాడో చప్పుడు చెప్పదు.

అప్పటి నుంచి ఆమె బతుకు బతుకులా లేదు. బీడీ చుట్టడానికి కూర్చుంటే ఆకు చిరిగేది. నలుగురు ఆడవాళ్లు చేరి ఊళ్లో సంగతులు మాట్లాడుకుంటుంటే అందులో ఒక్కటి చెవికెక్కేది కాదు. షెడ్డు వైపు నుంచి వచ్చే ఆ గుయ్యిమనే మోత ఒక్కటే వినేది. విని ఏం చేయాలి? అందులో ఏ చప్పుడు సాయిలుదో కూడా తెలియదు. నాలుగూ కలిసి ఒక్కటే మోత. పొద్దున మంచినీళ్లు తీసుకెళ్లేది, పగలు ఉల్లిగడ్డ తీసుకెళ్లేది, సాయంత్రం ఏమీ లేక ఉత్త చేతులతోనే పోయి తొంగిచూసి వచ్చేది. రాజారాం నవ్వేవాడు, కొత్త పెళ్లికూతురు కూడా ఇన్నిసార్లు రాదని. నర్సమ్మ ఊరుకునే రకమా? "ఏంది పిల్లా, షెడ్డుల నీ మొగున్ని ఎవలన్న ఎత్కపోతరా? ఆ చెమట కంపుకు మేమైతె ఉత్తగిస్తె గూడ తీస్కోం," అనేది. అందరూ నవ్వేవారు. బాలమణి నవ్వబోయి, మళ్లీ షెడ్డు వైపు చూసేది.

మొగుడు ఇంటికి వచ్చాక మాత్రం ఏం సుఖం? చెవుల్లో మోత నింపుకుని వచ్చేవాడు. ఒక మాట మూడుసార్లు చెప్పాలి. యశోద ఏదైనా అడిగితే కసురుతున్నట్టు గట్టిగా పలికేవాడు, పిల్ల జడిసి వంటింట్లోకి పోయేది. తల ఎప్పుడైనా బరువుగా ఉంటోందా, కళ్ల ముందు మెరుపులు వస్తున్నాయా అని బాలమణి రోజూ అడిగేది. లేదని తల ఊపేవాడు. ఏడాదిన్నరలో ఒక్కసారీ పడలేదన్నాడు. ఆమె దేవుడికి మొక్కింది. మొక్కిన మరునిమిషం నుంచి భయం రెట్టింపయింది. ఇన్నాళ్లు రానిది ఎక్కడో దాక్కుని ఉన్నట్టే కదా.

ఆ రోజు బుధవారం. మధ్యాహ్నం భోంగా అని పిలిచే మిల్లు సైరను కూసింది, షెడ్డు ఆగింది. అన్నాలు తిన్నారు, మళ్లీ మోత మొదలైంది. భోంగాకు తప్ప షెడ్డు ఆగదని గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కుతున్న వేళ, ఉన్నట్టుండి మోత నీరసించి, నీరసించి, పూర్తిగా ఆగిపోయింది.

ఆడవాళ్ల చేతుల్లో బీడీ ఆకు కోసే కత్తెరలు నిలిచిపోయాయి. ఎక్కడో మేక అరవడం వినిపించింది. నర్సమ్మ మొహంలో నవ్వు లేదు. "ఆగిందే," అంది మెల్లగా.

బాలమణి లేవడం ఎవరూ చూడలేదు. చాట బోర్లాపడి తంబాకు నేలపాలైంది. కొంగుకున్న తాళపు చెవుల గుత్తి ఎప్పుడు తెంపుకుందో తెలియదు. చెప్పుల్లేని కాళ్లతో గల్లీ పొడుగునా ఉరికింది. ఒకడు పడితే నాలుగూ ఎందుకు ఆగాయి? పట్టాలో చెయ్యి ఇరికి ఉంటుంది. చెయ్యో, తలో. షెడ్డు గడప దాటేటప్పటికే అరవడం మొదలుపెట్టింది.

"పక్కకు ఒరగబెట్టుండ్రి, ఎల్లెలుకల ఉంచకుండ్రి. చేతుల ఇనుము పెట్టుండ్రి. మూర్ఛ అది, చిన్నప్పటి సంది ఉన్నది, ఇంతసేపట్ల పోతది, భయపడకుండ్రి…"

షెడ్డులో ఎవరూ పడి లేరు. నలుగురూ గోడ వారన వరసగా కూర్చుని ఉన్నారు. సాయిలు చేతిలో బీడీ, ఇంకా ముట్టించలేదు. మగ్గాలు నాలుగూ ఎక్కడివక్కడ నిలిచి ఉన్నాయి. రాజారాం మధ్యలో నిలబడి పైనున్న కడ్డీ వైపు చూస్తున్నవాడు తల తిప్పాడు. గల్లీ ఇళ్లల్లో అన్నీ కిరసనాయిలు దీపాలే. కరెంటు అనేది పోతుందని, పోతే అన్నీ ఒకేసారి ఆగుతాయని ఆ ఆడవాళ్లకు ఎవరు చెప్పారు?

ఇరవై ఏళ్లుగా ఆ గొంతు ఆ మాటలు గల్లీలో అరిచింది. అరిచినప్పుడల్లా మొగుడు బతికాడు. ఇప్పుడవే మాటలు శేటు ముందర పడ్డాయి. వెనకాల వచ్చిన నర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెంటయ్య కళ్లు మూసుకున్నాడు.

రాజారాం అరవలేదు. అరిచినా బాగుండేది. సాయిలు దగ్గరికి వచ్చి, ఎన్నేండ్ల సంది అని అడిగాడు. సాయిలు ముట్టించని బీడీని వేళ్ల మధ్య నలిపేశాడు. రాజారాం మొహం కూడా పాలిపోయి ఉంది. పట్టాల కేసి ఒకసారి, సాయిలు మెడ కేసి ఒకసారి చూశాడు. రేపటి నుంచి రావద్దని, మగ్గం మీద ఉన్న బట్ట పెంటయ్య దింపుతాడని చెప్పి బయటికి వెళ్లిపోయాడు.

దారిలో సాయిలు పెళ్లాం కంటే పది అడుగులు ముందు నడిచాడు. బాలమణి వెనకబడింది. బోరింగు దగ్గర పెంటయ్య వెనక నుంచి వచ్చి కలిశాడు. కాసేపు గొణిగి, ఆఖరికి చెప్పాడు.

"వదినె, నీకు తెల్వకుండ ఒకటి జరిగింది. అన్న రెండుసార్లు పడ్డడు షెడ్డుల. పోయిన ఎండాకాలం ఒకపారి, దీపావళి ముందల ఒకపారి."

బాలమణి బోరింగు పిడి పట్టుకుంది.

"మాకు మొదటి దినమే తెల్సు. గల్లీల పెరిగినోళ్లం గాదా? ఆడ చెవులు పని చెయ్యయని కండ్లు పెట్టినం. ఒకడు పోగు ముడేస్తె ఇంకొకడు అన్నను సూస్తడు. పడంగనే గుంజినం, నూలు బస్తాల మీద పండబెట్టినం. శేటుకు అనుమానం రావద్దని అన్న మగ్గం గూడ మేమే నడిపినం. ఒక్క ఘడియ గూడ మోత ఆగనియ్యలే."

అతను మంచి మాటే చెప్పాడు. ధైర్యం చెబుదామనే చెప్పాడు. బాలమణి మాత్రం రోజులు లెక్కపెట్టసాగింది. పోయిన ఎండాకాలం ఏ రోజు? ఆ రోజు తను ఏం చేస్తూ ఉంది? యశోదకు తల దువ్వుతూ ఉందా, నర్సమ్మ ఎగతాళికి నవ్వబోతూ ఉందా? మోత వినపడుతూనే ఉంది. మొగుడు బస్తాల మీద కొట్టుకుంటున్నాడు. తన ఇరవై ఏళ్ల చెవికి అణుమాత్రం తెలియలేదు. కాపాడినవాళ్లు అక్కడే ఉన్నారు. ఆ కాపలాను అరిచి చెడగొట్టింది తనే.

రాత్రి సాయిలు ముందు కంచం పెట్టి, ఎందుకు చెప్పలేదని అడిగింది. అతను చాలా నెలల తరువాత మెల్లగా మాట్లాడాడు.

"చెప్తె నువ్వు నిద్ర పోతుంటివా?"

పోయేది కాదు. చెప్పకపోయినా పోలేదు.

మర్నాడు పొద్దున ముగ్గురు నేతగాళ్లూ షెడ్డుకు వెళ్లారు గానీ మగ్గాల మీద చేతులు వెయ్యలేదు. గొడవ చేయలేదు, నినాదాలు చేయలేదు. గోడ వారన నిన్న కూర్చున్నట్టే కూర్చున్నారు. రాజారాం బతిమాలాడు, తిట్టాడు. తన షెడ్డులో మనిషి చస్తే తన పిల్లలకు ఉసురు తగులుతుందన్నాడు. పెంటయ్య ఏం చెప్పాడో ఎవరికీ సరిగా తెలియదు. నర్సమ్మ గోడ వెనక నిలబడి కొంత విన్నానని అంటుంది. పొద్దెక్కాక రాజారాం స్వయంగా గల్లీలోకి నడిచి వచ్చి సాయిలు వాకిట నిలబడ్డాడు. పట్టాలకు దూరంగా, గోడ పక్క మగ్గం ఇస్తాడట. ఇంటి మనిషి ఒకరు పొద్దంతా అక్కడే ఉండాలట. ఏమన్నా అయితే మాత్రం తనను అడగకూడదట.

బాలమణి ఆ మధ్యాహ్నమే కండెలు చుట్టే రాట్నం ఎత్తుకుని షెడ్డులో మూలన కూర్చుంది. బీడీలు మానుకుంది. నలుగురు ఆడవాళ్ల మధ్య కూర్చోవడమూ మానుకుంది. ఆ మోతలో మొదటి వారం తలనొప్పితో అన్నం దిగలేదు. చెవులతో కాపలా కాసినన్నాళ్లు చేతులు వాటి పని అవి చేసుకునేవి, నిద్రలో కూడా చెవి తెరిచే ఉండేది. కన్ను అట్లా కాదు. రెప్ప పడితే చాలు, ఆ రెప్పపాటు ఎవరిదీ కాదు. కండె మీద చూపు పెడితే మొగుడు కనపడడు, మొగుడి మీద పెడితే దారం చిక్కుపడుతుంది.

మగవాళ్లు నలుగురూ మోత మీదుగా చేతులతో మాట్లాడుకునేవాళ్లు. నోట్లో చిటికెడు తంబాకు, కళ్లల్లో నవ్వు, వేళ్లతో ఏవో కబుర్లు. సాయిలు ఇంట్లో అంతగా మాట్లాడటం ఆమె ఎన్నడూ చూడలేదు. వాటిలో ఒక్కటీ ఆమెకు అర్థం కాలేదు. ఒకసారి పెంటయ్య చెయ్యి ఎత్తగానే ముగ్గురూ మగ్గాలు వదిలి కదిలారు. బాలమణి రాట్నాన్ని తన్నుకుంటూ లేచి నిలబడింది. చహా గ్లాసులు వచ్చాయట, అంతే.

ఆ చహా తాగేటప్పుడు ఆమె పెంటయ్య దగ్గరికి వెళ్లి, చెవి దగ్గర నోరు పెట్టి, పడిపోయాడని చెప్పడానికి వాళ్లు ఏం సైగ చేస్తారో నేర్పమంది. పెంటయ్య సాయిలు వైపు ఒకసారి చూసి, అతను చూడటం లేదని నిశ్చయించుకుని, ఎడమ అరచేతి మీద కుడి చేతిని వెల్లకిలా పరిచి చూపించాడు. బాలమణి చేసి చూపింది. సరిగా రాలేదని అతను ఆమె వేళ్లు సర్దాడు. మళ్లీ చేసింది.

తరువాత మూలకు వెళ్లి కూర్చుని, ఒక కన్ను మొగుడి వీపు మీద, ఒక కన్ను మిగతా ముగ్గురి చేతుల మీద పెట్టింది. సాయంత్రం దాకా ఎవరి చెయ్యీ ఆ సైగ చేయలేదు. మర్నాడు భోంగా కూయకముందే ఆమె మళ్లీ అక్కడ కూర్చుని ఉంది.