నోటి మాట మీద రెండు కోర్టులు

తొమ్మిదేళ్ళుగా ఆవిడ ప్రభుత్వం తరఫున కేసులు నడుపుతోంది. ఉద్యోగం మాత్రం ఇంకా కాంట్రాక్టు మీదే. ఏటా ప్రాసిక్యూటర్లందరి పైన ఉండే డైరెక్టరుగారు సంతకం పెడితేనే ఇంకో ఏడాది.

కింది అంతస్తు కోర్టు ఆవిడది. పై అంతస్తు ప్రాసిక్యూటర్ రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరినీ వేయలేదు. "కొన్నాళ్ళు మీరే చూసుకోండమ్మా" అని డైరెక్టరుగారు ఫోనులో చెప్పారు. కాగితం రాలేదు, జీతమూ పెరగలేదు. రెండు కోర్టులకూ నడుమ ముప్ఫై రెండు మెట్లు. "మీకు జీతం బదులు మోకాళ్ళకి రాసుకునే మందు ఇప్పించాలి మేడమ్" అనేవాడు ఆఫీసు గుమాస్తా.

ఆ మంగళవారం కింద హత్య కేసు. ఒక లారీ డ్రైవర్ని గోదాము యజమాని మనుషులు కొట్టి చంపారు. చూసింది కాపలాదారు ఒక్కడే. అతన్ని బోను ఎక్కించే వేళకు ఆవిడ పైన బెయిలు వాదనలో చిక్కుకుపోయింది. జడ్జిగారు కాసేపు చూసి తామే అడిగారు. "నేనేం చూడలేదండి" అన్నాడు కాపలాదారు. పోలీసులకు అతను చెప్పింది వేరు. ఆ వాంగ్మూలం చూపించి నిలదీయాల్సిన మనిషి అక్కడ లేదు. ప్రశ్నలు లేవని రాసుకుని పంపేశారు.

ఆవిడ ఆయాసపడుతూ దిగేసరికి డ్రైవర్ తల్లి వరండాలో నిలబడి ఉంది.

"ఆ కాపలావాణ్ణట్లా వదిలేశారేంటమ్మా?"

సాక్షిని మళ్ళీ పిలిపించవచ్చు. అయితే ఆ సమయానికి ప్రాసిక్యూటర్ ఎందుకు లేదో పిటిషన్‌లో రాయాలి. సాయంత్రమే డైరెక్టరుగారి ఫోను.

"కోర్టులోనే ఉన్నాననీ, అడగాల్సిందేం కనిపించలేదనీ సంజాయిషీ రాసివ్వండి. ఒక్కరికి రెండు కోర్టులిచ్చానని తెలిస్తే పైవాళ్ళు నా పీక పట్టుకుంటారు."

"అలా రాస్తే అతన్ని మళ్ళీ పిలవడానికి దారుండదు సార్."

"నెలాఖరుకి మీ ఫైలు నా టేబుల్ మీదకే వస్తుంది. ఆపైన మీ ఇష్టం."

ఇంట్లో భర్త పాపకి అన్నం పెడుతున్నాడు. అతను పనిచేసే షాపు మూతపడి మూడు నెలలు.

"ఆ రోజే కాగితం అడిగుండొచ్చుగా?"

"అడిగుంటే ఆ రోజే పోయేది ఉద్యోగం."

"అయితే నన్నడక్కు. ఆయన చెప్పినట్టు రాసివ్వమంటే పిరికివాణ్ణవుతాను. వద్దంటే అద్దె ఎవరు కడతారు?"

ఆవిడ పిటిషన్ వేసింది. "ఆ సమయంలో మీరెక్కడున్నారని రాసుకోమంటారు?" అన్నారు జడ్జిగారు.

"పై అంతస్తు కోర్టులోనండి. డైరెక్టరుగారు నోటితో చెప్పిన మాట మీద."

సాక్షిని మళ్ళీ పిలవడానికి అనుమతి దొరికింది. అలాంటి ఆదేశమేదీ తాను ఇవ్వలేదనీ, చెప్పకుండా గైర్హాజరైనందుకు కాంట్రాక్టు పొడిగించడం లేదనీ డైరెక్టరుగారు రాసి పంపారు. ఆ కాగితం తెచ్చిచ్చిన గుమాస్తా ఏ జోకూ వేయలేదు.

కాపలాదారు మళ్ళీ బోనెక్కిన రోజున ఆవిడ వెనక బెంచీ మీద, డ్రైవర్ తల్లి పక్కన కూర్చుంది. తాను రాసిపెట్టిన ఇరవై ఒక్క ప్రశ్నలు ఫైల్లోనే ఉన్నాయి. కొత్త ప్రాసిక్యూటర్‌కి ఆ ఫైలు అందింది ముందురోజు సాయంత్రం. నిలబడ్డ చోటే పేజీలు తిరగేశాడు, మూడు ప్రశ్నలు అడిగాడు. మూడింటికీ "తెలీదండి" అన్నాడు కాపలాదారు.

తల్లి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు లేచి అడగవేమ్మా?"

"నాకిప్పుడు అడిగే హక్కు లేదమ్మా."

ముందు వరసలో కొత్తాయన "అంతేనండి" అని కూర్చున్నాడు.